విదేశీ బళ్ళో ఉద్యోగం: కంప్యూటర్ మనదా, వాళ్ళదా?

మా మరదలు అమెరికాలో టీచరు ఉద్యోగానికి బయల్దేరే ముందు, పది రోజుల నుంచే మా అత్తగారింట్లో పెట్టెలు సర్దడం మొదలైంది. అమలాపురానికి దగ్గర్లో ఊరు. పెట్టెలు తూచే చిన్న మిషను ఇంట్లో లేదు. అందుకని రెండు సూట్‌కేసుల్నీ ఆటోలో వేసుకుని వీధి చివర ధాన్యం కొట్టుకి పట్టుకెళ్ళి, బస్తాలు తూచే కాటా మీద పెట్టాం. ఒకటి 26 కిలోలు, రెండోది 24న్నర. ఆమె టికెట్ మీద ఒప్పుకునేది ఒక్కో పెట్టెకి 23. కాటా దగ్గరున్న కుర్రాడు "తేమకి తరుగు తీసేద్దామాండీ?" అని నవ్వాడు.

ఇంటికొచ్చి అన్నీ మంచం మీద పరిచి, ఏది తీసెయ్యాలా అని చూస్తుంటే మరదలు ల్యాప్‌టాప్ బ్యాగు పక్కకి నెట్టింది. "బావగారూ, ఇది ఇక్కడే ఉంచేస్తే పోదా? అక్కడ బళ్ళో వాళ్ళే ఇస్తారంట. చార్జరూ అదీ కలిపితే మూడు కిలోలుంటుంది."

నేను మస్కట్‌లో ఓ ఇండియన్ స్కూల్లో తొమ్మిదేళ్ళు ఫిజిక్స్ చెప్పి వచ్చినవాణ్ణి. రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు గల్ఫ్ అంటే ఇప్పటికీ డ్రైవర్లు, ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళే ముందు గుర్తొస్తారు గానీ, బీఈడీలు చేసినవాళ్ళూ బాగానే వెళ్తున్నారు. కువైట్, దుబాయ్, మాల్దీవులు, ఇప్పుడు అమెరికా, ఇంగ్లండ్. వెళ్ళే ప్రతివాళ్ళూ ఎవరో ఒకరి ద్వారా నా నంబరు పట్టుకుని ఫోన్ చేస్తారు. జీతం, ఇల్లు, సర్టిఫికెట్ల అటెస్టేషన్ అన్నీ అడిగాక చివర్లో వచ్చే ప్రశ్న ఇదే. కంప్యూటర్ పట్టుకెళ్ళాలాండీ?

నా జవాబు ముందే చెప్పేస్తాను. పట్టుకెళ్ళండి. అయితే బడి పని చెయ్యడానికి కాదు. ఈ రెండో మాట సరిగ్గా అర్థం కాకపోతే మొదటి మాట వల్ల ఉపయోగం లేదు, ఒక్కోసారి నష్టం కూడా.

మన దగ్గర కోతకొచ్చే కూలీ కొడవలి తనే తెచ్చుకుంటాడు. దమ్ము చెయ్యడానికి ట్రాక్టరు మాత్రం రైతే మాట్లాడాలి. ఏ పనిముట్టు ఎవరిదో ఊళ్ళో ఎవరూ కాగితం రాసుకోరు, అందరికీ తెలుసు. టీచరు చేతిలో కంప్యూటర్ కొడవలా ట్రాక్టరా అన్నది మాత్రం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. ఒకే దేశంలో రెండు బళ్ళ మధ్యా తేడా ఉంటుంది.

అమెరికా సంగతి తేలిక. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది జే-1 వీసా మీద, అంటే కొన్నేళ్ళు పనిచేసి తిరిగొచ్చే ఎక్స్చేంజి వీసా. మూడేళ్ళ దాకా, ఆపైన పొడిగిస్తే ఇంకో రెండేళ్ళు. పనిచేసేది చాలామంది ప్రభుత్వ బళ్ళల్లో. అక్కడి బళ్ళు స్కూల్ డిస్ట్రిక్టుల (ఆ ప్రాంతం బళ్ళు నడిపే స్థానిక సంస్థల) కింద ఉంటాయి, ఆ డిస్ట్రిక్టే సాధారణంగా టీచరు చేతికి ఒక ల్యాప్‌టాప్ ఇస్తుంది. పిల్లల చేతుల్లోనే క్రోమ్‌బుక్‌లు అనే చిన్న ల్యాప్‌టాప్‌లు ఉండే బళ్ళల్లో టీచరుకి ఇవ్వకపోతే పని నడవదు. కానీ అది ఎప్పుడు ఇస్తారు? పిల్లలకి బడి తెరవడానికి ముందు టీచర్లకి కొన్ని పనిదినాలు పెడతారు, అప్పుడు. మన మనిషి అంతకు ముందే దిగి, ఇల్లు వెతుక్కుని, బ్యాంకు ఖాతా తెరిచి, వీసా సంగతులు చూసే స్పాన్సర్ సంస్థవాళ్ళు పంపే ఫారాలు నింపి, సిలబస్ చదువుకోవాలి. ఆ రెండు మూడు వారాలూ ఫోన్ తెర మీద నలభై పేజీల పీడీఎఫ్ చదవడం ఎలా ఉంటుందో ప్రయత్నించి చూడండి.

ఇంగ్లండ్‌లో కూడా దాదాపు ఇదే పద్ధతి. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశపు లెక్కలు, సైన్స్, భాషల టీచర్లు అక్కడి టీచరు అర్హత కోసం నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలు వచ్చింది, అందుకే ఈ మధ్య అటు వెళ్ళేవాళ్ళ నుంచీ ఫోన్లు పెరిగాయి. అక్కడ తరగతి గదిలో ఒక కంప్యూటర్ బోర్డుకి కలిపి ఉంటుంది, చాలా బళ్ళు ల్యాప్‌టాప్ కూడా ఇస్తాయి.

గల్ఫ్‌లోనే చిక్కు. అక్కడ బ్రిటిష్, అమెరికన్ సిలబస్‌తో నడిచే ఖరీదైన బళ్ళు వేరు, మన సీబీఎస్ఈ బళ్ళు వేరు. మొదటి రకంలో ఫీజులు ఎక్కువ, టీచరుకి ల్యాప్‌టాప్ చేతికిచ్చే అవకాశమూ ఎక్కువ. రెండో రకం బళ్ళు మధ్యతరగతి ఇండియన్ కుటుంబాల కోసం పుట్టినవి. నేను చూసినంతలో తరగతిలో స్మార్ట్ బోర్డు ఉంటుంది, దానికో సిస్టమ్ ఉంటుంది, స్టాఫ్ రూములో పదిమందికి నాలుగు కంప్యూటర్లుంటాయి. వర్క్‌షీటు తయారుచెయ్యడం, క్వశ్చన్ పేపర్ టైపు చెయ్యడం, మార్కులు ఎక్కించడం రాత్రి ఇంట్లోనే. ఇంట్లో కంప్యూటర్ ఉందా అని బడి అడగదు. ఉందనే అనుకుంటుంది. 2020లో కోవిడ్ వచ్చి క్లాసులన్నీ ఆన్‌లైన్ అయినప్పుడు ఆ మాట పచ్చిగా బయటపడింది. సొంత ల్యాప్‌టాప్ లేనివాళ్ళు ఆ వారంలోనే అప్పు చేసి కొన్నారు.

మాల్దీవులు ఇంకో లోకం. మనుషులుండే దీవులు రెండు వందలకు అటూఇటూగా ఉన్నాయి, మీ బడి వాటిలో ఏ మూలదో. ల్యాప్‌టాప్ పాడైతే బాగుచేసే షాపు మాలేలో ఉంటుంది, అక్కడికి పడవ. పంటు మీద గోదావరి దాటిన మనకి ఇది కొత్త కాదు గానీ, ఆ పడవకి మన పంటులా గంటకోసారి తిరగడం తెలీదు. అక్కడికి వెళ్ళేవాళ్ళు ఇక్కడే బ్యాటరీ ఆరోగ్యం చూపించుకుని, అనుమానం ఉంటే మార్పించుకుని బయల్దేరాలి.

కాంట్రాక్టులో ఆ ఒక్క వాక్యం

నా కాంట్రాక్టులో "బోధనకు అవసరమైన వసతులు కల్పించబడును" అన్న అర్థం వచ్చే ఒక వాక్యం ఉండేది. దాన్ని నేను ల్యాప్‌టాప్ అని చదువుకున్నాను. బడి దాన్ని బోర్డు, మార్కర్, ప్రొజెక్టర్ అని చదువుకుంది. తప్పు ఎవరిదీ కాదు, వాక్యానిదే.

అందుకని ఇంటర్వ్యూ అయ్యాక, సంతకం పెట్టేలోపు, హెచ్ఆర్ వాళ్ళకి మెయిల్ పెట్టమంటాను. "నాకు ల్యాప్‌టాప్ ఇస్తారా?" అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నకి అవుననో కాదనో వస్తుంది, రెండూ మీకు సరిపోవు. ఏ రోజు చేతికిస్తారు, ఇంటికి తీసుకెళ్ళనిస్తారా, పోతే లేదా పగిలితే ఖర్చు ఎవరిది, సెలవుల్లో ఇండియాకి పట్టుకురావచ్చా, ఇవ్వకపోతే నా సొంతది బడి వైఫైకి కలపనిస్తారా అని అడగండి. చివరి ప్రశ్న ముఖ్యం. కొన్ని బళ్ళు సొంత మిషన్ని తమ నెట్‌వర్క్‌లోకి అసలు రానివ్వవు. అలాంటి చోటికి మీరు లక్ష పెట్టి కొత్తది కొనుక్కెళ్ళినా, బడిలో అది బరువు మాత్రమే.

ఇలా అడిగితే ఉద్యోగం పోతుందేమో అని మనవాళ్ళకి టెన్షన్. పోదు. టీచర్లు దొరక్క సముద్రాలు దాటి వెతుక్కుంటున్నది వాళ్ళు.

వాళ్ళిచ్చింది వాళ్ళదే

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. మస్కట్‌లో నాకు నాలుగో ఏడాది నుంచి బడి మెయిల్ ఐడీ, దాంతోపాటు ఆన్‌లైన్ డ్రైవు ఇచ్చారు. ఎక్కడ కూర్చుని తెరిచినా ఫైళ్ళు కనిపిస్తాయి గదా అని అన్నీ అందులోనే పెట్టేవాణ్ణి. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ప్రతి పాఠానికీ వర్క్‌షీట్లు. కాంతి వక్రీభవనానికి నేనే గీసుకున్న బొమ్మలు. పిల్లలు ఏటా ఎక్కడ తప్పు చేస్తారో చూసి రాసుకున్న ప్రశ్నలు, వాటికి పక్కన నా గుర్తులు. ఆఖరి ఏడాది రాజీనామా ఇచ్చి, ఆఖరి రోజు అందరితో ఫోటోలు దిగి, ఇంటికెళ్ళి స్నానం చేసి, తీరిగ్గా ఫైళ్ళు దింపుకుందామని కూర్చున్నాను. పాస్‌వర్డ్ తప్పు అంది. రెండోసారి కొట్టాను. ఈ అకౌంట్ లేదంది.

మర్నాడు వెళ్ళి అడిగితే ఐటీ చూసే కుర్రాడు, మనవాడే, కేరళ అబ్బాయి, నిజంగా బాధపడ్డాడు. "సార్, లాస్ట్ వర్కింగ్ డే నాలుగింటికి క్లోజ్ చెయ్యమని లిస్టు వచ్చింది" అన్నాడు. పద్ధతి ప్రకారం అతను చేసింది సబబే. ఉద్యోగి వెళ్ళిపోయాక అకౌంట్ తెరిచి ఉంచడమే తప్పు. నా దగ్గర మిగిలింది ఒక పెన్‌డ్రైవ్, అందులో మొదటి మూడేళ్ళ సరుకు. మిగతా ఆరేళ్ళదీ పోయింది.

బడి ఇచ్చిన ల్యాప్‌టాప్‌కీ ఇదే వర్తిస్తుంది. అది మీ పేరున ఇచ్చినా మీది కాదు. అందులో ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. తెలుగు కీబోర్డు కలుపుకోవడానికి కూడా ఒక్కోచోట అనుమతి అడగాల్సి వస్తుంది. మీరు ఏ సైట్లు చూస్తున్నారో వాళ్ళు చూడగలరు, చూస్తామని ముందే మీ చేత సంతకం పెట్టించుకుంటారు. ఆ కాగితం మొదటి వారంలో మీరు చదవకుండా సంతకం పెట్టే ఇరవై కాగితాల్లో ఒకటి. అమెరికాలో ప్రభుత్వ బడి మెయిల్ అయితే ఇంకో మెలిక కూడా ఉంది. మన సమాచార హక్కు చట్టం లాంటివి అక్కడ రాష్ట్రాల్లో ఉన్నాయి. వాటి కింద ఎవరైనా అడిగితే బడి పని మెయిళ్ళు బయటికి రావచ్చు.

అలాంటి మిషన్లో మీరు ఇంటి లోన్ కాగితాలు, పిల్లల ఆధార్ కాపీలు, వేరే ఉద్యోగానికి పెట్టుకునే బయోడేటా దాచుకుంటారా? వేరే బడికి దరఖాస్తు ఈ బడి ల్యాప్‌టాప్ నుంచి పంపినవాళ్ళు నాకు తెలుసు. సొంత కంప్యూటర్ పట్టుకెళ్ళమని నేను అనేది అందుకు. జీతం లెక్కలు, వీసా కాగితాలు, బ్యాంకు, ఇంటికి వీడియో కాల్, రేపటి ఉద్యోగం, ఇవన్నీ మీ సొంత బతుకు. దానికి మీ సొంత పెట్టె ఒకటి ఉండాలి.

మనది అయినంత మాత్రాన

ఇప్పుడు రెండో వైపు. బడి ఏమీ ఇవ్వలేదు, అంతా మన ల్యాప్‌టాప్ మీదే నడుస్తోంది అనుకుందాం. అప్పుడు కనిపించని బరువు ఒకటి మన మీద పడుతుంది. అది పిల్లల వివరాలు.

మార్కుల లిస్టు అంటే మనకి మామూలు కాగితం. మన ఊళ్ళో ఒకప్పుడు నోటీసు బోర్డుకి అంటించేవాళ్ళం. అమెరికాలో 1974 నుంచి ఫెర్పా అనే చట్టం ఉంది, ప్రభుత్వ విద్యా నిధులు తీసుకునే బడి పిల్లవాడి రికార్డుని తల్లిదండ్రుల అనుమతి లేకుండా, చట్టం ఒప్పుకున్న సందర్భాల్లో తప్ప, బయటపెట్టకూడదు. యూరప్‌లో 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది, యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక కూడా ఇంగ్లండ్ దాన్ని తన చట్టంగా ఉంచుకుంది. మన దేశంలోనూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ వివరాలకి అందులో ప్రత్యేకమైన జాగ్రత్తలు పెట్టారు. పిల్లల పేర్లు, మార్కులు, జబ్బుల వివరాలు, ఫోటోలు ఉన్న మీ ల్యాప్‌టాప్ బస్సులో పోతే, పోయింది మీ ల్యాప్‌టాప్ ఒక్కటే కాదు. మీరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకే ఇంగ్లండ్‌లో చాలా బళ్ళు సొంత ఫోన్‌తో పిల్లల ఫోటో తియ్యడాన్నే ఒప్పుకోవు. మన టీచర్లు అక్కడ మొదటి నెలలో చేసే పొరపాటు సరిగ్గా అదే. సైన్స్ మోడల్ బాగా చేశాడని ముచ్చటపడి పిల్లవాడిని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు.

కాబట్టి సొంత మిషన్ మీద బడి పని చెయ్యక తప్పనప్పుడు, పిల్లల పేర్లున్న ఫైళ్ళు బడి అకౌంట్లోనే ఉంచి బ్రౌజర్లోనే తెరవండి, కిందికి దింపకండి. ల్యాప్‌టాప్‌కి ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేకుండా లోపలి ఫైళ్ళు ఎవరూ చదవలేకుండా చేసేది) పెట్టుకోండి. విండోస్‌లో, మ్యాక్‌లో ఆ సదుపాయం లోపలే ఉంటుంది, నొక్కి పెట్టుకోవడమే. ఇంట్లో పిల్లాడు అదే ల్యాప్‌టాప్‌లో గేములాడతానంటే వాడికి వేరే యూజర్ పేరు చేసివ్వండి.

మరి నా వర్క్‌షీట్లు? నా ల్యాప్‌టాప్ మీద, నా కరెంటుతో, రాత్రి పదకొండింటికి చేసినవి నావే గదా? చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. చట్టం చూసేది మిషను ఎవరిదని కాదు, పని ఎవరి ఉద్యోగంలో భాగంగా జరిగిందని. మన కాపీరైట్ చట్టం, 1957లో 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకి మొదటి హక్కుదారు యజమాని. అమెరికా చట్టంలోనూ ఇలాంటి సూత్రమే ఉంది. అంటే కొడవలి మనదే అయినా కోసిన పంట రైతుదే. ఆచరణలో ఏ బడీ తన పాత టీచరు వర్క్‌షీటు కోసం కోర్టుకెళ్ళదు, వాటిని పుస్తకంగా వేసి అమ్మడమో ఆన్‌లైన్లో డబ్బుకి పెట్టడమో చేస్తే తప్ప. అయినా ఒక అలవాటు మంచిది. విమానం ఎక్కకముందే, ఇక్కడ ఉన్న రోజుల్లో తయారుచేసుకున్న మెటీరియల్ అంతా మీ సొంత అకౌంట్లో తేదీలతో ఒక ఫోల్డరులో పెట్టండి. అది మీదని చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది. వెళ్ళాక చేసిన వాటిలో పిల్లల పేర్లు లేనివి, తీసుకెళ్ళడానికి అభ్యంతరం లేదని అడిగి తెలుసుకున్నవి, టర్ముకి ఒకసారి కాపీ పెట్టుకోండి. ఆఖరి రోజుదాకా ఆగకండి, నాలాగా.

బ్యాటరీ, పిన్ను, కస్టమ్స్

మరదలు ల్యాప్‌టాప్ పెట్టెలో పెడదామనుకుంది. అది ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి. అందులో లిథియం బ్యాటరీ ఉంటుంది. విమానాల్లో మామూలు హద్దు 100 వాట్ అవర్లు. 100 నుంచి 160 దాకా అయితే ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి. లెక్క ఇంటర్ పిల్లలకి తెలిసిందే, వోల్టులని ఆంపియర్ అవర్లతో గుణించడం. మరదలి బ్యాటరీ మీద 11.4 వోల్టులు, 4.2 ఆంపియర్ అవర్లు అని ఉంది, అంటే 48కి దగ్గర. ఇబ్బంది లేదు. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు 3.7 వోల్టుల లెక్కన 74 అవుతుంది, అదీ సరే. కానీ పవర్ బ్యాంకు, విడి బ్యాటరీ పెట్టెలో వేస్తే పెట్టె తెరిపించి తీయిస్తారు. 2017 మార్చిలో ఇది కొన్నాళ్ళు తలకిందులైంది. దుబాయ్, అబుదాబి, దోహా, కువైట్ లాంటి పది విమానాశ్రయాల నుంచి అమెరికా వెళ్ళే విమానాల్లో ల్యాప్‌టాప్ చేతి సంచిలో వద్దన్నారు, పెట్టెలో వెయ్యమన్నారు. జులైకల్లా ఎత్తేశారు. ఆ జ్ఞాపకంతో ఇప్పటికీ పెట్టెలో వేసేవాళ్ళున్నారు.

చార్జర్ తీగ మధ్యలో ఉండే ఇటుకలాంటి డబ్బాని తిప్పి చూడండి. ఇన్‌పుట్ దగ్గర 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ మధ్య వచ్చిన ల్యాప్‌టాప్ చార్జర్లన్నీ దాదాపు ఇంతే. మన 230 వోల్టులైనా, మస్కట్ 240 అయినా, అమెరికా 120 అయినా అది తనే సర్దుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. తేడా వచ్చేది పిన్ను దగ్గర. మన గుండ్రటి మూడు పిన్నులు ఒమన్, దుబాయ్, ఇంగ్లండ్, మాల్దీవుల్లోని పలక పిన్నుల సాకెట్లో దూరవు. అమెరికాలో చదునైన రెండు పిన్నులు, కింద గుండ్రటిది ఒకటి.

దీనికి జనం మల్టీ అడాప్టర్ అని ఒక బొమ్మ లాంటిది కొంటారు. అది రెండు నెలల్లో వదులైపోయి, ల్యాప్‌టాప్ చార్జ్ అవుతోందో లేదో అర్థం కాని స్థితికి వస్తుంది. ఇంకో దారి ఉంది. చార్జర్ ఇటుక నుంచి గోడకి వెళ్ళే తీగ చాలా ల్యాప్‌టాప్‌లకి విడిగా ఊడి వస్తుంది. ఇటుక వైపు చివర మూడు రేకుల పువ్వులా ఉంటుంది. ఆ తీగ ఒక్కటీ ఇంటి దగ్గర వదిలేసి, దిగిన ఊళ్ళో అదే పువ్వు చివర ఉన్న అక్కడి తీగ కొనుక్కోండి. గల్ఫ్ తీగల్లో పిన్ను లోపలే ఫ్యూజు కూడా ఉంటుంది. నేను మొదటిసారి ఆ పిన్ను విప్పి, లోపల గాజు పెంకులా ఏదో ఉంటుందనుకుంటే, సిరామిక్ ఫ్యూజు కనిపించి, పదో తరగతి పిల్లలకి చూపించాను. ఒక పీరియడ్ పాఠం అయిపోయింది.

కస్టమ్స్ గొడవ వెళ్ళేటప్పుడు ఉండదు, సెలవులకి వచ్చేటప్పుడు ఉంటుంది. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రయాణికుడికి ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా ఒప్పుకుంటారు. ఒకటే. బడిదీ మీదీ రెండూ సంచిలో వేసుకుని శంషాబాద్‌లో దిగితే రెండోదాని గురించి అడగవచ్చు. ఖరీదైన ల్యాప్‌టాప్ ఇక్కడి నుంచే పట్టుకెళ్తుంటే, వెళ్ళే రోజున కస్టమ్స్ కౌంటర్లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే, తిరిగొచ్చేటప్పుడు అది ఇక్కడిదే అని చూపించుకోవచ్చు. కనీసం కొన్న బిల్లు ఫోటో ఫోన్లో ఉంచుకోండి.

ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా? మన జీఎస్టీ ల్యాప్‌టాప్ మీద 18 శాతం. ఒమన్, యూఏఈల్లో వ్యాట్ 5, సౌదీలో 15, ఇంగ్లండ్‌లో 20. గల్ఫ్‌లో కొంటే కీల మీద ఇంగ్లీషు పక్కన అరబ్బీ అక్షరాలు కూడా ఉంటాయి, వారంలో కళ్ళు అలవాటు పడతాయి. ఉన్నది నాలుగేళ్ళ లోపుదైతే దాన్నే పట్టుకెళ్ళి, మొదటి రెండు జీతాలు చూశాక కొత్తదాని సంగతి ఆలోచించమని నా సలహా. అప్పు చేసి కొత్త ల్యాప్‌టాప్‌తో విమానం ఎక్కడం నాకు ఎప్పుడూ నచ్చదు.

ఇక్కడి అలవాట్లు అక్కడికి మొయ్యకండి

మన పట్టణాల్లో కంప్యూటర్ షాపువాడు ఐదొందలు తీసుకుని విండోస్, ఆఫీసు, ఫోటోషాప్ అన్నీ "లోడ్ చేసి" ఇస్తాడు. అవి దొంగ కాపీలు. ఆ మిషన్ బడి నెట్‌వర్క్‌కి తగిలించగానే దొరికిపోయే అవకాశం ఉంది, అంతకన్నా ముందు వైరస్‌లు. బడి మెయిల్ ఐడీ వస్తే వర్డ్, ఎక్సెల్ లాంటివి బ్రౌజర్లో ఉచితంగానే దొరుకుతాయి. కాబట్టి బయల్దేరే ముందు శుభ్రం చేయించండి. పాత మిషన్ అయితే ఇంకోటి చూసుకోవాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. దానిమీదే ఉన్న ల్యాప్‌టాప్‌ని కొన్ని బళ్ళు వైఫైకి కలపనివ్వవు.

తెలుగు చెప్పేవాళ్ళకి ఒక మాట. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైపు చేయించుకున్న పాత క్వశ్చన్ పేపర్లు అక్కడి కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఇక్కడే యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే పద్ధతిలోకి) మార్పించుకోండి, కుదరకపోతే పీడీఎఫ్ చేసి పట్టుకెళ్ళండి.

యూఏఈ వెళ్ళేవాళ్ళకి వాట్సాప్ కాల్ సంగతి ఎవరో చెప్పే ఉంటారు. అక్కడ ఆ కాల్స్ పనిచెయ్యవు, దానికి "వీపీఎన్ వేసేస్తే సరి" అని రూమ్మేట్ చెప్తాడు. మనం ఎక్కడి నుంచి నెట్ వాడుతున్నామో దాచే సాఫ్ట్‌వేర్ అది. 2021లో వచ్చిన సైబర్ నేరాల చట్టంలో, నేరం చెయ్యడానికో దాచడానికో ఐపీ చిరునామా (నెట్‌లో మన కంప్యూటర్ నంబరు) మార్చితే జరిమానా ఐదు లక్షల దిర్హాముల నుంచి ఇరవై లక్షల దాకా ఉంది. ఇంటికి ఫోన్ చేసినందుకు అంత పడుతుందా అంటే, నేను లాయర్ని కాను. అది బడి ల్యాప్‌టాప్ మీద మాత్రం ఎప్పటికీ చెయ్యకండి. అక్కడ అనుమతి ఉన్న యాప్‌లున్నాయి, అమ్మానాన్నల ఫోన్లో కూడా వాటిని వెళ్ళేముందే ఎక్కించి, ఎలా నొక్కాలో రెండుసార్లు చూపించి వెళ్ళండి.

మరదలికి ఇదంతా చెప్పేసరికి టీ చల్లారిపోయింది. ల్యాప్‌టాప్ భుజం సంచిలోకి వెళ్ళింది, చార్జర్ తీగ ఊడదీసి మా అబ్బాయి చేతికిచ్చింది. పెట్టెల్లో మాత్రం బరువు ఇంకా ఎక్కువే. అప్పుడు చీరల కింద నుంచి మా అత్తగారు పెట్టిన మిక్సీ బయటపడింది, జార్లతో సహా.

"ఇది మన 230 వోల్టులది. అక్కడ 120 మీద పెడితే పచ్చడి కాదు గదా, సరిగ్గా తిరగను కూడా తిరగదు" అన్నాను.

"మరి ల్యాప్‌టాప్ తిరుగుతుందా?" అని అత్తగారు అనుమానంగా చూశారు.

చార్జర్ ఇటుక తిప్పి ఆ చిన్న అక్షరాలు చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, మిక్సీ అడుగున కూడా తిప్పి చూసి, ఏమీ అనకుండా తీసుకెళ్ళి అటక మీద పెట్టేశారు. సాయంత్రం మళ్ళీ కాటా దగ్గరికి వెళ్తే ఒక పెట్టె 22, ఇంకోటి 23కి వంద గ్రాములు తక్కువ. ఆ మిగిలిన కిలోలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పట్టింది.